మీ ఆవిడని ఒప్పించే ముందు ఆవిడ పక్కన ఒక వారం కూర్చోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2016లో కొన్న డెస్క్‌టాప్, అందులో విండోస్ 10. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, విండోస్ 11 ఆ ప్రాసెసర్‌కి పడదు. విండోస్ బదులు, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ వేద్దామని మీరంటారు, "దాని జోలికి వెళ్ళారంటే ఊరుకోను" అని మీ ఆవిడ అంటారు. ఆవిడ ఇంట్లోంచే చీరలు అమ్ముతూ లెక్కలన్నీ ఎక్సెల్‌లో రాసుకుంటారు, బాబు స్కూల్ ప్రాజెక్టులు చేసుకుంటాడు, మీ నాన్నగారు పేపర్లు చదువుతారు. ఎలా ఒప్పించాలి?

నేను పదిహేడేళ్ళుగా కాలేజీ ల్యాబుల్లో సిస్టమ్ అడ్మిన్‌ని. వందల మెషీన్లకి లైనక్స్ వేశాను. మా ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ దగ్గర మాత్రం బోర్లా పడ్డాను, అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మంగళం పాడింది 2020 జనవరి 14న, సరిగ్గా భోగి రోజు. నాకు భలే హుషారొచ్చింది. మా ఆవిడ వాళ్ళ పుట్టింట్లో ఉంది, పండగ మూడో రోజుకి నేను వెళ్ళాలి. ఈలోగా భోగిమంటలో పాత సామాను వేసేసినట్టు హార్డ్ డిస్క్ మొత్తం తుడిచేసి మింట్ వేసేశాను. ఫైళ్ళన్నీ జాగ్రత్తగా కాపీ చేశానులెండి, అందులో పొరపాటు లేదు. డెస్క్‌టాప్ మీద చిందరవందరగా ఉన్నవాటిని చక్కగా ఫోల్డర్లలో సర్దాను కూడా. అదే పెద్ద తప్పని తర్వాత తెలిసింది.

మా ఆవిడ స్కూల్లో తెలుగు టీచరు. సెలవులైపోయాక ఆదివారం రాత్రి తొమ్మిదింటికి యూనిట్ టెస్ట్ పేపర్ ప్రింట్ తీయడానికి కూర్చుంది. పాత పేపరు తెరిస్తే ప్రశ్నల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు, డాలర్లూ కామాలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగలిపి ఎవరో తిట్టినట్టుంది. ఎనిమిదేళ్ళ పేపర్లూ అంతే. అవన్నీ యూనికోడ్, అంటే ఏ మెషీన్లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి, రాకముందు డీటీపీ వాళ్ళు వాడిన ఫాంట్‌లో ఉన్నాయి, అందులో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చుంటుంది, ఆ ఫాంట్ లేని మెషీన్లో అడుగునున్న ఇంగ్లీషే బయటపడుతుంది. ఇది నాకు తెలియని సంగతేం కాదు. మా ఇంట్లో ఎవరు ఏం వాడుతున్నారో నేనెప్పుడూ చూడలేదు, అంతే. పోనీ కొత్తగా టైప్ చేద్దామంటే ప్రింటర్ కదల్లేదు. ఆవిడ ఒక్క మాట అనలేదు, తెల్లకాగితం తీసుకుని పేపరు మొత్తం చేత్తో రాసింది. పడుకోబోయే ముందు మాత్రం, "పోపుల పెట్టెలో ఆవాల గిన్నెలో మెంతులు పోసి, రుచి బాగుంటుందని చెప్పినట్టుందండీ మీరు చేసింది" అంది. వచ్చే ఆదివారానికల్లా నేనే మళ్ళీ విండోస్ వేశాను. తర్వాత రెండేళ్ళు మా ఇంట్లో లైనక్స్ అన్న మాట వినపడలేదు.

కాబట్టి మీరు ఇప్పుడు ఆవిడకి చెబుతున్న కారణాలన్నీ పక్కన పెట్టండి. ఉచితం, నిఘా లేదు, దాని ప్రోగ్రాం కోడ్ అందరికీ కనిపిస్తుంది, కేరళ సర్కారు బళ్ళలో పిల్లలు ఏళ్ళ తరబడి దీనిమీదే నేర్చుకుంటున్నారు... అన్నీ నిజాలే, ఒక్కటీ ఇంట్లో పనికిరాదు. విండోస్ కోసం ఆవిడ విడిగా డబ్బు కట్టిన గుర్తు లేదు గనక ఉచితమన్నది ఆవిడకి లాభంగా కనిపించదు. పైగా ఆవిడ భయం మరీ తీసిపారేయదగ్గదీ కాదు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయం తీసుకుని, పదేళ్ళు కష్టపడి దాదాపు 15 వేల కంప్యూటర్లని లైనక్స్‌కి మార్చి, మళ్ళీ 2017లో విండోస్‌కే తిరిగిపోదామని తీర్మానించింది. అక్కడ రాజకీయాలూ ఉన్నాయనుకోండి, బయటి నుంచి వచ్చే ఫైళ్ళు సరిగ్గా తెరుచుకోవడం లేదన్న సిబ్బంది గోలా ఉంది. ఐటీ విభాగం ఉన్న నగరమే అలా వెనక్కి తిరిగితే, మీరొక్కరే ఐటీ విభాగమైన ఇంట్లో ఆవిడ అనుమానపడటంలో వింతేముంది?

ముందు తొందర తగ్గించుకోండి. విండోస్ 10కి ఇళ్ళలో వాడేవాళ్ళ కోసం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు, పొడిగించారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే వస్తుంది. అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే లింకు ఉంటుంది. ఇవాళే చేసేయండి. దీనివల్ల మీకు టైమ్ దొరుకుతుంది, "రేపే హ్యాకర్లు వచ్చేస్తారు" అని ఆవిడని బెదిరించాల్సిన అవసరమూ పోతుంది.

తర్వాత ఒక వారం పాటు ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడల్లా పక్కన కుర్చీ వేసుకోండి. సలహాలివ్వకండి. ఏ ప్రోగ్రాం తెరుస్తున్నారు, ఫైల్ ఎక్కడ సేవ్ చేస్తున్నారు, ఎవరికి పంపుతున్నారు, ఎలా పంపుతున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. నేను రెండోసారి ఈ పని చేసినప్పుడు ఆ కాగితం మీద పదకొండు లైన్లు కూడా దాటలేదు. వాటిలో ఏడు బ్రౌజర్‌లో జరిగే పనులే: వాట్సాప్ వెబ్, మెయిల్, యూట్యూబ్, బ్యాంకు, కరెంటు బిల్లు, రైలు టికెట్లు, పిల్లల స్కూల్ సైటు. ఇవి లైనక్స్‌లోనూ అచ్చం అలాగే నడుస్తాయి, మార్పు ఉండదు. చిక్కంతా మిగిలిన నాలుగింటిలోనే.

మీ ఇంట్లో ఆ నాలుగూ ఏమై ఉంటాయో ఊహించి చెబుతాను. మొదటిది ఎక్సెల్. ఇప్పుడున్న విండోస్‌లోనే, ఎక్సెల్ లాంటి ప్రోగ్రాం ఉన్న లిబ్రేఆఫీస్ వేసి, ఆవిడ లెక్కల ఫైల్ కాపీ ఒకటి అందులో తెరవండి. కూడికలు, ఫిల్టర్లు, మామూలు ఫార్ములాలు వచ్చేస్తాయి. ఎవరో చేసిపెట్టిన మాక్రో బటన్లు, అంటే నొక్కితే పని దానంతటదే జరిగిపోయేవి, ఉంటే వాటిమీద ఆశ పెట్టుకోవద్దు, నడిస్తే నడుస్తాయి లేకపోతే లేదు. చూడాల్సిన చిన్నవి రెండు ఉన్నాయి, చీరల లెక్కకి అవే ప్రాణం. లక్ష రూపాయలు 1,00,000 అని కనపడాలి, 100,000 అని పడితే భాషా సెట్టింగ్స్‌లో ఇంగ్లీష్ ఇండియా ఎంచుకోవాలి. రూపాయి గుర్తు కుడివైపు ఆల్ట్ నొక్కి 4 కొడితే రావాలి, దానికీ కీబోర్డ్ లేఅవుట్ ఇంగ్లీష్ ఇండియాదే ఉండాలి. మెనూలు కూడా ఎక్సెల్‌లా పైన ట్యాబులుగా కనిపించేలా పెట్టుకోవచ్చు, వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది. నెల రోజులు విండోస్ మీదే ఇందులో లెక్కలు రాయనివ్వండి. ఆవిడకి నచ్చలేదంటే అక్కడితో ఆపేయండి, ఇక లైనక్స్ దాకా వెళ్ళక్కర్లేదు.

రెండోది తెలుగు. ఆవిడ ఫోన్లోనే తెలుగు రాసి కంప్యూటర్‌లో చదవడం మాత్రమే చేస్తే సమస్యే లేదు, నోటో, లోహిత్ ఫాంట్లతో చక్కగా కనపడుతుంది. టైప్ కూడా చేస్తారనుకుంటే ఏ పద్ధతిలో చేస్తారో కనుక్కోండి. లైనక్స్‌లో తెలుగు టైప్ చేయడానికి ఐబస్ ఎం17ఎన్ అనే ప్రోగ్రాం ఉంది, అందులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళకి ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ ఉన్నాయి, తెలుగు అక్షరాల కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ ఉంది, డీటీపీ వాళ్ళ చేతులకి అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. కాకపోతే విండోస్‌లో చేతికి అలవాటైన స్పెల్లింగులు అన్నీ ఇక్కడ అలాగే రావు. ఇంకోటి, విండోస్‌లో గౌతమి, వాణి, నిర్మల ఫాంట్లతో రెండు పేజీల్లో సరిపోయిన డాక్యుమెంట్ ఇక్కడ వేరే ఫాంట్‌లో మూడో పేజీకి జారుతుంది, ఎందుకంటే తెలుగు ఫాంట్లలో ఒత్తులకీ గుడులకీ వదిలే జాగా ఫాంటు ఫాంటుకీ తేడా. మా ఆవిడకి ఇది చాలా చిరాకు. మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్ ఒకటి ఎంచుకుని, మారకముందే విండోస్‌లోనూ దాన్నే వాడటం మొదలుపెడితే ఈ గొడవ తప్పుతుంది. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న ఫైళ్ళు ఉంటే మాత్రం అవి ముందే పీడీఎఫ్ చేసి దాచండి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి ఒకసారి తప్పులు చూసుకోండి. డీటీపీ ప్రోగ్రాం పేజ్‌మేకర్ మీద రోజూ పని చేసే మనిషైతే లైనక్స్ ఊసే ఎత్తకండి.

మూడోది ప్రింటర్. దీన్ని నమ్మకండి. కొత్తగా వైఫై ఉన్నవి చాలావరకు దానంతటవే దొరుకుతాయి, పాత చిన్న లేజర్ ప్రింటర్లు కొన్ని తిప్పలు పెడతాయి. మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచే కంప్యూటర్‌ని స్టార్ట్ చేసి, ఒక టెస్ట్ పేజీ కొట్టి చూడండి. హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు. స్కానర్, స్పీకర్లు, వెబ్‌క్యామ్ కూడా అప్పుడే చూసేయండి.

నాలుగోది బాబు ఆటలు. వాలరెంట్ ఆడతాడంటే లైనక్స్‌లో నడవదు, దాని యాంటీచీట్, అంటే ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రాం, ఒప్పుకోదు. ఇంట్లో అసలు తిరుగుబాటు అటునుంచి రావచ్చు. మీ నాన్నగారి గురించి దిగులక్కర్లేదు, ఆయనకి అక్షరాలు పెద్దవి చేసి పెడితే చాలు. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇచ్చేయొచ్చు. టాలీ వాడినా, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్‌తో రిటర్నులు వేసినా విండోస్ ఉంచుకోండి, చీరల వ్యాపారం పెరిగి రేపు జీఎస్టీ దాకా వెళ్ళేలా ఉంటే దీని గురించి ఇప్పుడే ఆలోచించుకోండి.

ఇక ఒప్పించడం సంగతి. నిజం చెప్పాలంటే మా ఆవిడని నేను ఒప్పించలేదు, జిరాక్స్ షాపు ఒప్పించింది. 2022లో ఒకరోజు ఆవిడ పెన్‌డ్రైవ్‌లో పిల్లల మార్కుల ఫైళ్ళు పెట్టుకుని వీధి చివర షాపులో ప్రింట్ తీయించుకుని వచ్చింది. ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెడితే ఫైళ్ళు ఒక్కటీ లేవు, అదే పెన్‌డ్రైవ్ పేరుతో ఒక షార్ట్‌కట్ మాత్రం కనిపిస్తోంది. దాన్ని నొక్కితే వైరస్ మన కంప్యూటర్‌లోకి దిగుతుంది. ఈ షార్ట్‌కట్ వైరస్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆవిడ ముఖం పాలిపోయింది, మర్నాడు ఉదయానికి మార్కులు ఇవ్వాలి. నేను పెన్‌డ్రైవ్ తీసుకుని నా లైనక్స్ లాప్‌టాప్‌కి పెట్టాను. పేరు లేని ఒక ఫోల్డర్ కనపడింది, తెరిస్తే ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ వైరస్ అసలు ఫైళ్ళని పేరులేని ఫోల్డర్‌లోకి నెట్టి, విండోస్ చూపించకుండా దాచిన గుర్తు పెడుతుంది. లైనక్స్ ఆ గుర్తుని పట్టించుకోదు, విండోస్ కోసం రాసిన ఆ ప్రోగ్రాం ఇక్కడ మామూలుగా నడవదు. ఆవిడ కాసేపు స్క్రీన్ వైపు చూసి, "పెద్ద కంప్యూటర్‌లో కూడా ఇది ఉంటే ఇలాగే కనపడుతుందా?" అని అడిగింది. నోటిదాకా వచ్చిన ఉపన్యాసాన్ని మింగేసి, "కనపడుతుంది" అని మాత్రం అన్నాను. నా వైవాహిక జీవితంలో నేను నోరు మూసుకుని లాభపడ్డ సందర్భాల్లో అదొకటి.

మీ ఇంట్లోనూ ఇలాంటిదేదో ఉంటుంది. ఆవిడని రోజూ విసిగించే పని ఏమిటో ఆ వారంలో కనిపెట్టండి. పొద్దున ఆన్ చేస్తే స్క్రీన్ రావడానికి పట్టే నాలుగు నిమిషాలు కావచ్చు, బిల్లు రాస్తుంటే మధ్యలో మొదలయ్యే అప్‌డేట్ కావచ్చు. లైనక్స్ వల్ల ఆ ఒక్కటి తీరుతుందంటే దాని గురించే మాట్లాడండి. ఆవిడకి లేని సమస్యకి మందు ఇవ్వబోకండి.

మార్చే పద్ధతి గురించి నాది ఒకటే పట్టు: డ్యుయల్ బూట్ వద్దు. ఒకే డిస్క్ మీద విండోస్, లైనక్స్ రెండూ ఉంటే మొదటి వారంలోనే మీ పరువు పోతుంది. ఉదాహరణకి గడియారం. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది, దాంతో విండోస్‌లోకి రాగానే టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. ఒక్క సెట్టింగుతో పోయేదే, కానీ ఆవిడ దృష్టిలో "మీ లైనక్స్ గడియారం కూడా పాడుచేసింది". ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగకుండా కునుకు తీస్తుంది, అప్పుడు లైనక్స్‌లో డి డ్రైవ్ తెరుచుకుంటుంది గానీ అందులో ఏదీ సేవ్ కాదు. ఇలాంటివి వరసగా నాలుగు జరిగితే చాలు.

దానికి బదులు ఒక 256 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్, కొనండి. పాత హార్డ్ డిస్క్‌ని విండోస్‌తో సహా, ఒక్క ఫైల్ కూడా ముట్టుకోకుండా విప్పి బీరువాలో పెట్టండి. విప్పేముందు ఫైళ్ళన్నీ ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మింట్ కొత్త ఎస్ఎస్‌డీ మీద వేయండి. ఆ పాత డిస్క్ ఆవిడ చేతికే ఇచ్చి, "నెలలోగా నువ్వు వద్దంటే నాలుగు మరలు తిప్పి పాతది పెట్టేస్తాను, ఎందుకని అడగను" అని చెప్పండి. చెప్పి, మాట మీద నిలబడండి. ఇంతకంటే బలమైన వాదన నాకు దొరకలేదు. ఎస్ఎస్‌డీతో మెషీన్ పరుగెడుతుంది, ఆవిడ ఆశ్చర్యపోతారు. ఆ వేగంలో ఎక్కువ భాగం ఎస్ఎస్‌డీదే, లైనక్స్‌ది కాదు, ఇది కూడా దాచకుండా చెప్పేయండి. తర్వాత వేరే ఎవరి దగ్గరో తెలిస్తే మొత్తానికే నమ్మకం పోతుంది.

ర్యామ్ 4 జీబీనే ఉంటే మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 ఉంటే సినమన్ ఎడిషన్. మింట్ 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. వేసింది వేసినట్టు ఉంచండి, వచ్చే నెల ఫెడోరా అనే ఇంకో రకం లైనక్స్, ఆపై నెల మరోటి అంటూ ప్రయోగాలు చేయాలనిపిస్తే మీ లాప్‌టాప్‌లో చేసుకోండి. వాల్‌పేపర్ పాతదే పెట్టండి. డెస్క్‌టాప్ మీద ఫైళ్ళు ఆవిడ పెట్టుకున్న చోటే, అదే వరసలో ఉండాలి, చిందరవందరగా ఉన్నా సరే. నేను సర్దినప్పుడు ఆవిడ వెతుక్కున్నది ఫైళ్ళ పేర్లతో కాదు, "పైన కుడివైపు మూల నుంచి మూడోది" అన్న గుర్తుతో. డి డ్రైవ్ అనేది లైనక్స్‌లో ఉండదు, అయినా "డి డ్రైవ్" అనే పేరుతోనే డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ పెట్టండి. బ్రౌజర్ బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు ముందే తెచ్చుకోండి. మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి, ఏదైనా తేడా వస్తే నిన్నటి స్థితికి తీసుకుపోవచ్చు. అప్‌డేట్ అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుందని ముందే చెప్పండి, ఆ పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి.

ఒక ప్రశ్నకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. "మీరు ఊళ్ళో లేనప్పుడు పాడైతే ఎవరు బాగుచేస్తారు?" అని మా ఆవిడ అడిగింది. మీ ఆవిడా అడుగుతారు. మన ఊళ్ళలో రిపేరు షాపు అబ్బాయిలకి తెలిసిన వైద్యం ఒక్కటే, ఫార్మాట్ చేసి విండోస్ వేయడం. మా ఇంట్లో ఎనీడెస్క్ వేసి ఉంచాను, ఫోన్ చేస్తే దూరం నుంచి చూస్తాను. మానిటర్ పక్కన గోడ మీద ప్రింటర్ ఆగితే ఏం చేయాలి, నెట్ పోతే ఏం చేయాలి అని తెలుగులో రాసిన కాగితం ఉంది. అయినా నాలుగేళ్ళలో రెండుసార్లు ఆవిడ పని ఆగిపోయింది, ఒకసారి నేను రైల్లో ఉన్నాను. జిరాక్స్ షాపుకి ఎప్పుడూ పీడీఎఫ్ మాత్రమే తీసుకెళ్ళే అలవాటు అప్పుడే చేసుకుంది, ఈ సలహా మీరు విండోస్‌లో ఉండిపోయినా పనికొస్తుంది.

ఆ పాత డిస్క్ మా బీరువాలో పట్టుచీరల కింద ఇప్పటికీ ఉంది. దానిమీద ఆవిడే మార్కర్‌తో "విండోస్ - పారేయొద్దు" అని రాసింది. మీ ప్రింటర్ ఏ మోడలో, ర్యామ్ ఎంతో రాయలేదు. ఆ రెండూ చెబితే ఏ ఎడిషన్ వేయాలో, పెన్‌డ్రైవ్‌తో చూసేటప్పుడు ఏం గమనించాలో చెబుతాను.